కొండ కింద చమురు, తీగలో కరెంటు: ఆగిపోతే విశాఖ ఎంతసేపు నిలబడుతుంది?

విశాఖలో లోవగార్డెన్ వైపు కొండల కింద రాతిని తొలిచి కట్టిన గుహలున్నాయి. వాటిలో 13.3 లక్షల టన్నుల ముడి చమురు పడుతుంది. పైనుంచి చూసేవాళ్ళకు కొండ, చెట్లు, గేటు తప్ప పెద్దగా ఏమీ కనపడదు. గుహలకు లోపల స్టీలు తొడుగు కూడా ఉండదు. చుట్టూ రాతి పగుళ్ళలో ఉన్న నీటి ఒత్తిడే చమురును బయటికి కారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి తగ్గకుండా గుహల పైన తవ్విన సన్నటి సొరంగాల నుంచి బోర్ల ద్వారా నీళ్ళు ఎక్కిస్తూనే ఉండాలి, లోపలికి ఊరిన నీళ్ళను తోడేస్తూనే ఉండాలి. 2015లో ఇది వాడకంలోకి వచ్చింది. దేశంలో ముడి చమురుకు కట్టిన వ్యూహాత్మక నిల్వల్లో ఇదే మొదటిది, ఆ తర్వాత మంగళూరు (15 లక్షల టన్నులు), పాదూరు (25 లక్షల టన్నులు) వచ్చాయి. మూడూ నిండుగా ఉంటే దేశానికి తొమ్మిదిన్నర రోజుల ముడి చమురు అవసరానికి సరిపోతుందని ప్రభుత్వం లెక్క.

ఇదే లెక్కను ఊరికి కుదించి చూస్తే ఇంకోలా ఉంటుంది. పక్కనే ఉన్న హెచ్‌పీసీఎల్ రిఫైనరీ 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టినది, ఇప్పుడు విస్తరణతో ఏడాదికి 150 లక్షల టన్నుల స్థాయికి వెళ్ళింది. అంటే రోజుకు దాదాపు 41 వేల టన్నులు. కొండ కింద గుహలు నిండుగా ఉండి, అదంతా ఈ ఒక్క రిఫైనరీకే ఇచ్చారనుకుంటే నెల రోజులు, మహా అయితే ఇంకో రెండు రోజులు. ఆ తర్వాత సముద్రం మీద ట్యాంకరు కనపడాల్సిందే.

ఇంధన భద్రత గురించి మన దగ్గర జరిగే చర్చలు చాలావరకు ఎన్ని మెగావాట్లు, ఎన్ని లక్షల కోట్ల పెట్టుబడి అన్న దగ్గరే తిరుగుతాయి. అంతకంటే సూటి ప్రశ్న ఒకటుంది: సరఫరా ఆగిపోతే ఎంతసేపు నిలబడగలం? చమురుకైతే జవాబు రోజుల్లో ఉంటుంది. బొగ్గుకూ రోజుల్లోనే, కాకపోతే నిల్వ యార్డు ఎంత నిండి ఉందన్న దాన్ని బట్టి మారిపోతుంటుంది. కరెంటుకు మాత్రం సెకన్లలో. ఫ్యాక్టరీల్లోకి సెన్సర్లు, స్మార్ట్ మీటర్లు, దానంతటదే నిర్ణయాలు తీసుకునే సాఫ్ట్‌వేర్ వస్తున్న కొద్దీ ఈ సమయం కొన్నిచోట్ల పెరుగుతోంది, కొన్నిచోట్ల ఎవరూ గమనించకుండానే తగ్గిపోతోంది. ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ తగ్గుతోంది అన్నది విశాఖలో చూసినంత స్పష్టంగా దేశంలో చాలా తక్కువ చోట్ల కనపడుతుంది, ఎందుకంటే రిఫైనరీ, పోర్టులు, ఉక్కు ఫ్యాక్టరీ, థర్మల్ కేంద్రం అన్నీ ఒకే నగరం చుట్టూ ఉన్నాయి. రేపు డేటా సెంటరూ రాబోతోంది.

ముందు బొగ్గు సంగతి. పరవాడ దగ్గర సింహాద్రి ఎన్‌టీపీసీ 2,000 మెగావాట్ల కేంద్రం. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు అనుకుంటే, ఫుల్ లోడు మీద నడిచే రోజున 33 వేల టన్నులు కాలుతాయి. ఒక గూడ్సు రైలు దాదాపు 4 వేల టన్నులు మోస్తుంది కాబట్టి, ఒడిశాలోని తాల్చేరు వైపు నుంచి రోజూ ఎనిమిది రైళ్ళు రావాలి. వర్షాలకు గని మునిగినా, లైను మీద ఎక్కడో వ్యాగన్లు పట్టాలు తప్పినా యార్డులో కుప్ప తరగడం మొదలవుతుంది. 2021 అక్టోబరులో దేశమంతా థర్మల్ కేంద్రాల్లో సగటు నిల్వ నాలుగు రోజులకు పడిపోయింది. అప్పుడు దేశంలో బొగ్గుకు కరువేమీ లేదు, భూమిలో కావలసినంత ఉంది, గని నుంచి బాయిలర్ దాకా ఉన్న దారిలోనే లోటు.

ఉక్కు ఫ్యాక్టరీకి ఈ కష్టం ఇంకాస్త ఎక్కువ. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని సాధించుకున్న ప్లాంటుకు సొంత ఇనుప ఖనిజం గనులు లేవన్న సంగతి ఊళ్ళో పిల్లాడికి కూడా తెలుసు. కోకింగ్ బొగ్గు ఎక్కువగా ఆస్ట్రేలియా లాంటి చోట్ల నుంచి ఓడల్లో రావాలి. 2024 వేసవిలో గంగవరం పోర్టులో కార్మికుల సమ్మె జరిగినప్పుడు బొగ్గు పోర్టు యార్డులోనే ఉంది, ప్లాంటు పక్కనే ఉంది, మధ్యలో కన్వేయర్ మాత్రం కదల్లేదు. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేసే కోక్ ఓవెన్ అంటే ఇంట్లో గ్యాస్ స్టవ్‌లా నాబ్ తిప్పి ఆపేసేది కాదు. లోపలి సిలికా ఇటుకలు చల్లబడితే పగులుతాయి, తర్వాత బాగు చేయడం అంటే దాదాపు కొత్తగా కట్టడమే. అందుకే బొగ్గు లేకపోయినా ఓవెన్‌ను వేడిగా పట్టి ఉంచాలి. అలాంటి ప్లాంటుకు 'నాలుగు రోజులు ఓపిక పట్టండి' అని చెప్పడం కుదరదు.

ఇక స్మార్ట్ టెక్నాలజీ నిజంగా ఎక్కడ పని చేస్తుందో చూడాలంటే పెద్ద కంట్రోల్ రూముల కంటే గాజువాక ఆటోనగర్ మంచి చోటు. రాత్రి తొమ్మిది దాటాక మిషన్లన్నీ ఆపేసిన షెడ్డులో కాసేపు మాట్లాడకుండా నిలబడితే 'స్స్‌స్స్' మని శబ్దం వినపడుతుంది. ఎయిర్ లైను జాయింట్ల దగ్గర కారిపోతున్న గాలి అది. అయిదారు నిమిషాలకోసారి మూలనున్న కంప్రెసర్ దానంతటదే లేచి, దడదడలాడి, ఆగుతుంది. లోపల ఎవరూ లేరు, ఆ గాలితో ఎవరికీ పని లేదు, మీటరు మాత్రం తిరుగుతోంది. నిర్వహణ సరిగా లేని షెడ్లలో కంప్రెస్ చేసిన గాలిలో 20 నుంచి 30 శాతం ఇలా కారిపోవడం మామూలే. దీన్ని పట్టుకోవడానికి అల్ట్రాసోనిక్ డిటెక్టర్లున్నాయి, సబ్బు నీళ్ళు కూడా చాలు. మరి స్మార్ట్ మీటరు ఎందుకంటే, రాత్రి ఒంటిగంటకు కూడా లోడు సున్నాకు రావడం లేదన్న గ్రాఫు ఓనరు ఫోన్‌లో కనపడేదాకా ఈ కారుడు గురించి వర్కరు చెప్పిన మాట ఎవరూ పట్టించుకోరు కాబట్టి.

ఇంకొకటి మోటార్ల వేగం. ఫ్యాన్లు, పంపులు వాడే చోట స్పీడు తగ్గిస్తే కరెంటు వాడకం అంతకంటే చాలా ఎక్కువగా తగ్గుతుంది, ఎందుకంటే ఇక్కడ పవర్ వేగానికి ఘనంలో మారుతుంది. స్పీడును 80 శాతానికి దించితే కరెంటు 51 శాతానికి దిగుతుంది. అయినా చాలా ఫ్యాక్టరీల్లో మోటారును ఫుల్ స్పీడులో తిప్పుతూ డ్యాంపర్‌ను (గాలి గొట్టంలోని తలుపును) సగం మూసి గాలిని తగ్గిస్తారు. యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా బ్రేకు తొక్కుతూ సింహాచలం ఘాట్ రోడ్డు దిగడం లాంటిది ఇది. మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే డ్రైవ్, దాన్ని నడిపే సెన్సర్ పెడితే ఈ వృథా పోతుంది. బేరింగ్ వేడెక్కుతుంటే ముందే చెప్పే వైబ్రేషన్ సెన్సర్లూ ఈ కోవలోవే, అకస్మాత్తుగా ఆగిపోవడం తగ్గుతుంది.

మన ఉక్కు ఫ్యాక్టరీ ఈ విషయంలో పాతకాపు. ఎర్రగా కాలిన కోక్ మీద నీళ్ళు పోసి చల్లార్చడం పాత పద్ధతి, వేడంతా ఆవిరై గాల్లో కలిసిపోతుంది. ఇక్కడ మొదటినుంచీ నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి తయారుచేసి టర్బైన్ తిప్పుతున్నారు. బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి వచ్చే గ్యాస్ ఒత్తిడితోనూ కరెంటు తీస్తారు. ఇలా ప్లాంటు లోపల పుట్టిన ప్రతి యూనిట్టూ గ్రిడ్ మీద భారం తగ్గించేదే. స్మార్ట్ అనే మాట బ్రోషర్లలోకి రాకముందే ఇదంతా ఉంది.

దేశం స్థాయిలో 2012లో మొదలైన 'ప్యాట్' (పెర్ఫార్మ్, అచీవ్, ట్రేడ్) పథకం చెప్పుకోదగ్గది. పెద్ద ఫ్యాక్టరీలకు, థర్మల్ కేంద్రాలకు ఇంత మేర ఇంధన వాడకం తగ్గించాలని లక్ష్యం పెట్టి, అంతకంటే ఎక్కువ తగ్గించినవాళ్ళు ఆ మిగులును సర్టిఫికెట్లుగా అమ్ముకునేలా చేశారు. 2012 నుంచి 2015 దాకా సాగిన మొదటి విడతలో 478 సంస్థలు కలిసి ఏడాదికి 86.7 లక్షల టన్నుల చమురుకు సమానమైన ఇంధనం ఆదా చేశాయి. పైన చెప్పిన మూడు ఊళ్ళ గుహలూ నిండుగా ఉంటే పట్టే చమురు 53.3 లక్షల టన్నులు. అంటే ఆదా అన్నది గుహ తవ్వకుండానే దొరికే నిల్వ, అందులో అనుమానం లేదు.

ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతే అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ 1865లోనే జెవన్స్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త ఒక ఇబ్బందికరమైన విషయం పట్టుకున్నాడు. ఆవిరి ఇంజన్లు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేసే కొద్దీ దేశంలో బొగ్గు వాడకం తగ్గాల్సింది పోయి పెరిగింది. చవకైంది కాబట్టి అంతకుముందు ఇంజను పెట్టే స్తోమత లేనివాళ్ళు కూడా పెట్టారు. మన ఇళ్ళలో జరిగింది కూడా ఇదే. ఇన్వర్టర్ ఏసీ వచ్చి బిల్లు తగ్గిందని సంతోషించిన ఇంట్లో రెండేళ్ళకు పిల్లల గదిలో రెండోది బిగిస్తారు.

అభివృద్ధి చెందుతున్న దేశంలో ఇది తప్పు కాదు, తప్పించుకోగలిగిందీ కాదు. రిఫైనరీ టన్నుకు వాడే ఇంధనం తగ్గించుకోవచ్చు, కానీ సామర్థ్యం 83.3 లక్షల టన్నుల నుంచి 150 లక్షలకు పెరిగినప్పుడు మొత్తం మీద కావలసిన క్రూడ్ పెరుగుతుంది. ముడి చమురులో 85 శాతానికి పైగా మనం దిగుమతి చేసుకుంటున్నదే. గ్యాస్ బండలోని ఎల్‌పీజీలో సగానికి పైగా బయటిదే, అందులో చాలా భాగం గల్ఫ్ దగ్గరి హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. విశాఖలో 60 వేల టన్నుల ఎల్‌పీజీ పట్టే మరో గుహ ఉన్నది ఇందుకోసమే. దేశంలో కరెంటు డిమాండ్ 2024 మే 30న 250 గిగావాట్లు (ఒక గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) తాకింది. 2025లో స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానివాటి నుంచే అని ప్రకటించారు, అది నిజమే. అయితే స్థాపిత సామర్థ్యం వేరు, మీటరు దాటి వచ్చిన యూనిట్లు వేరు. ఆ యూనిట్లలో సుమారు 70 శాతం ఇప్పటికీ బొగ్గువే. ఈ రెండు అంకెల్ని కలిపేసి సంబరపడే పోస్టులు రోజుకొకటి కనపడుతుంటాయి.

డేటా సెంటర్ దగ్గర ఈ లెక్క ఇంకా ముదురుతుంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో గిగావాట్ స్థాయి ఏఐ డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది. గిగావాట్ అంటే ఎంత? 24 గంటలూ నిండు లోడు మీద నడిస్తే రోజుకు 2.4 కోట్ల యూనిట్లు, ఏడాదికి 876 కోట్ల యూనిట్లు. నెలకు 150 యూనిట్లు కాల్చే ఇళ్ళు 48 లక్షలకు పైగా కలిస్తే అంత అవుతుంది. సింహాద్రి కేంద్రం సామర్థ్యంలో ఇది సగం. నిండు లోడు రావడానికి ఏళ్ళు పడుతుంది, రోజూ అంత వాడకపోవచ్చు కూడా. కానీ డేటా సెంటర్ స్వభావమే వేరు. ఉక్కు ఫ్యాక్టరీ, ఐస్ ఫ్యాక్టరీ, ఇల్లు, అన్నిటికీ లోడులో ఎత్తుపల్లాలుంటాయి. దీనికి అర్ధరాత్రి రెండింటికీ, మధ్యాహ్నం రెండింటికీ పెద్ద తేడా ఉండదు, కొన్ని మిల్లీసెకన్లు కరెంటు పోయినా ఒప్పుకోదు. ఉద్యోగాలెన్ని, పన్నులెన్ని అన్న గొడవ వేరే వ్యాసం అవుతుంది.

అసలు చిక్కు ఎన్ని యూనిట్లన్నదాని కంటే ఎప్పుడన్నదాంట్లో ఎక్కువుంది. గ్రిడ్‌లో కరెంటును మూట కట్టి దాచుకోవడం లేదు, ప్రతి క్షణం ఎంత వాడితే అంత పుట్టాలి. ఆ సమతూకం 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ రూపంలో కనపడుతుంది, 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నది నిబంధన. రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎవరెంత ఇవ్వాలో, ఎవరెంత తీసుకోవాలో ముందే రాసుకుంటారు. మధ్యాహ్నం 12 గంటల ముక్కలో సోలార్ పొంగిపొర్లుతుంది, కొన్నిసార్లు ఆపమని చెప్పాల్సి వస్తుంది. సాయంత్రం ఏడు గంటల ముక్కలో సోలార్ సున్నా, ఇళ్ళలో ఫ్యాన్లు, లైట్లు, ఏసీలు, టీవీలు ఒక్కసారిగా వేస్తారు. ఆ రెండు మూడు గంటల కోసం డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) విద్యుత్ ఎక్స్ఛేంజ్‌లో దొరికిన రేటుకు కొంటాయి. ఆ మోత తర్వాతెప్పుడో మన బిల్లులో ట్రూ అప్ పేరుతో, ఎఫ్‌పీపీసీఏ (ఇంధన, విద్యుత్ కొనుగోలు ఖర్చు సర్దుబాటు) పేరుతో తేలుతుంది. జనానికి స్మార్ట్ మీటరంటేనే అనుమానం రావడానికి ఈ అర్థంకాని గీతలు కూడా ఒక కారణం. మీటరు కొత్తదైనా బిల్లు పాత భాషలోనే వస్తోంది.

స్మార్ట్ టెక్నాలజీ వల్ల దేశానికి దక్కే పెద్ద లాభం ఇక్కడుంది: పనిని సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి జరపడం. ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీలనే తీసుకోండి. ఉప్పు నీళ్ళ ట్యాంకులో డబ్బాలు దించి, అమ్మోనియా కంప్రెసర్లతో ఆ ఉప్పు నీళ్ళను సున్నా కంటే కిందికి చల్లబరిస్తే డబ్బాల్లో మంచినీళ్ళు గడ్డ కడతాయి. బోటు వేటకు వెళ్ళే ముందు ఆ దిమ్మల్ని క్రషర్‌లో వేసి గొట్టం ద్వారా కోల్డ్ బాక్సులోకి వదులుతారు. ఇందులో కంప్రెసర్ ఏడు గంటలకే నడవాలన్న రూలేమీ లేదు. మధ్యాహ్నం గట్టిగా నడిపి ఉప్పు నీళ్ళను ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబరిచి, సాయంత్రం ఆపేస్తే ఐస్‌కు ఏమీ కాదు. అంటే ఆ ట్యాంకే ఒక బ్యాటరీ. లిథియం అక్కర్లేదు, చైనా నుంచి తేనక్కర్లేదు. రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ల కోల్డ్ స్టోరేజీలు, అపార్ట్‌మెంట్లలో ఓవర్‌హెడ్ ట్యాంకు నింపే మోటార్లు, రైతులకు పగటిపూట తొమ్మిది గంటల ఉచిత విద్యుత్, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి. పగలు సోలార్ గంటల్లో కనీసం 20 శాతం తక్కువ రేటు, పీక్‌లో కనీసం 10 నుంచి 20 శాతం ఎక్కువ రేటు ఉండాలని కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనల ఉద్దేశం ఇదే. గంటల వారీగా లెక్కపెట్టే మీటరు లేకపోతే ఈ రేటు అమలు చేయలేం, ఆ మేరకు స్మార్ట్ మీటరు అవసరమే.

జరపలేని పనులూ ఉన్నాయి. కోక్ ఓవెన్ జరగదు, రిఫైనరీ జరగదు, కేజీహెచ్‌లో ఐసీయూ జరగదు. విజయనగరం వైపున్న ఫెర్రో అల్లాయ్ ఫర్నేసులు టన్ను సిలికో మాంగనీస్‌కు సుమారు 4 వేల యూనిట్లు తింటాయి, అవి కాసేపు తగ్గగలవు కానీ పూర్తిగా ఆగి మళ్ళీ మొదలవడం నష్టం. ఏది ఎంతసేపు తగ్గగలదు, దానికి ఎంత ఇవ్వాలి అన్న జాబితా ప్రతి డిస్కం దగ్గరా ఉండాలి. లేకపోతే కొరత వచ్చిన రోజున పవర్ హాలిడే అని అందరికీ ఒకే కత్తెర పడుతుంది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో పరిశ్రమలకు అలాగే పడింది.

ఇప్పుడు రెండో వైపు. చమురు ట్యాంకరు మీద ఆధారపడటం తగ్గించుకునే దారిలో మనం ఇంకో రకం సరుకు మీద ఆధారపడుతున్నాం. సోలార్ సెల్, లిథియం బ్యాటరీ, ఇన్వర్టర్‌లోని చిప్, మోటారులోని అయస్కాంతం. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన లోహాలు, వాటితో చేసే అయస్కాంతాల ఎగుమతికి లైసెన్సులు పెట్టగానే మన ఆటోమొబైల్ కంపెనీలకు టెన్షన్ మొదలైంది. విచిత్రం ఏమిటంటే ఆ లోహాలుండే మోనజైట్ అనే ఖనిజం మన భీమిలి తీరం ఇసుకలోనే ఉంది. అచ్యుతాపురం దగ్గర అణు పరిశోధన సంస్థ బార్క్ ఆవరణలో ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ అయస్కాంతాల ప్లాంటు 2023లో జాతికి అంకితమైంది. కానీ దాని సామర్థ్యం ఏడాదికి 3 టన్నులు, అవీ సమేరియం కోబాల్ట్ రకం, రక్షణ, అంతరిక్ష అవసరాలకు పనికొచ్చేవి. ఎలక్ట్రిక్ స్కూటర్లలో, గాలి మరల్లో ఎక్కువగా వాడే నియోడిమియం రకం వేరు. ఇసుక ఉన్నంత మాత్రాన అయస్కాంతం ఉన్నట్టు కాదు, మధ్యలో శుద్ధి చేసే కెమిస్ట్రీ ఉంది, అది నేర్చుకోవడానికి చైనాకు దశాబ్దాలు పట్టింది. చమురుతో పోలిస్తే ఒక్క ఊరట ఉంది. ట్యాంకరు ఆగితే నెలలో బంకు ఎండిపోతుంది, ప్యానెళ్ళ దిగుమతి ఆగితే కొత్తవి రావు గానీ పైకప్పు మీద బిగించినవి పాతికేళ్ళు పని చేస్తూనే ఉంటాయి.

ఆ ఊరట సాఫ్ట్‌వేర్ విషయంలో లేదు. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో కంట్రోల్ రూముల్లో కూర్చున్న ఆపరేటర్ల కళ్ళముందే స్క్రీన్ మీద మౌస్ దానంతటదే కదిలి బ్రేకర్లను ఒక్కొక్కటిగా తెరిచేసింది. సుమారు 2.25 లక్షల మంది వినియోగదారులకు కరెంటు పోయింది. కొన్ని గంటల్లోనే తిరిగి ఇవ్వగలిగారంటే కారణం, సిబ్బంది బండ్లేసుకుని సబ్‌స్టేషన్లకు వెళ్ళి చేత్తో బ్రేకర్లు వేశారు. 2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ ఇంకో పాఠం. పైపుకు, పంపులకు ఏమీ కాలేదు, దాడి ఆఫీసు కంప్యూటర్ల మీద. కంపెనీయే భయపడి లైను ఆపేసింది, తూర్పు తీరంలో బంకులు ఖాళీ అయ్యాయి. 2019లో కూడంకుళం అణు కేంద్రం ఆఫీసు నెట్‌వర్క్‌లో మాల్‌వేర్ దొరికిందని దాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ ఒప్పుకుంది, రియాక్టర్ నడిపే వ్యవస్థ విడిగా ఉండటం వల్ల దానికి ఏమీ కాలేదు. ఆ 'విడిగా ఉండటం' అన్నదాన్నే ఇప్పుడు స్మార్ట్ పేరుతో ఒక్కో ఫ్యాక్టరీలో తీసేస్తున్నారు, ఎండీగారి ఫోన్‌లో ప్లాంటు లైవ్ కనపడాలని.

మనుషుల నైపుణ్యం కూడా ఇదే దారిలో పోతోంది. స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని 'ఇది ఇంకో వారం ఆడుతుంది' అని చెప్పే ఫిట్టర్లు గాజువాకలో ఇంకా ఉన్నారు. వైబ్రేషన్ సెన్సర్ ఆ పని ఇంకా బాగా, రాత్రీపగలూ చేస్తుంది, వాదించక్కర్లేదు. కానీ సెన్సర్ వచ్చాక ఫిట్టరును తీసేసే కంపెనీకి, సెన్సర్ చచ్చిన రోజున చెవి పెట్టే మనిషి ఉండడు.

కరెంటు ఆగితే ఏమవుతుందో విశాఖకు 2014 అక్టోబరు 12న బాగా తెలిసొచ్చింది. హుద్‌హుద్ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. స్తంభాలు నేలకొరిగాయి, సెల్ టవర్లు డీజిల్ అయిపోయి మూగబోయాయి, బంకుల దగ్గర బాటిళ్ళు పట్టుకుని క్యూలు, ఇన్వర్టరున్న ఇంట్లో వీధి వీధంతా ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవడం. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగల్ని భూమిలోకి దించారు, విడిగా దాదాపు 90 వేల వీధి దీపాల్ని ఎల్ఈడీలుగా మార్చారు. భూగర్భ కేబుల్‌కు గాలితో పేచీ లేదు, జేసీబీతో ఉంది. పైగా తెగితే ఎక్కడ తెగిందో కంటికి కనపడదు, దాన్ని వెతకడానికి మళ్ళీ టెక్నాలజీ కావాలి. ఇక కొండ కింద చమురు సంగతి: అది పైకి రావాలన్నా, గుహలో ఊరే నీళ్ళు తోడాలన్నా పంపులు తిరగాలి. రోజుల లెక్కలో ఉన్న నిల్వ కూడా చివరికి సెకన్ల లెక్కలో ఉన్న కరెంటు మీదే నిలబడి ఉంది.

మొత్తం గ్రిడ్ పడిపోతే సింహాద్రి లాంటి థర్మల్ కేంద్రం దానంతటది లేవలేదు. బాయిలర్‌కు నీళ్ళు పంపాలి, బొగ్గు పొడి చేయాలి, ఫ్యాన్లు తిరగాలి, వీటన్నిటికీ బయటి నుంచి కరెంటు అందాలి. ఆ మొదటి కరెంటు ఇవ్వగలిగేది జలవిద్యుత్, గేటు ఎత్తి నీళ్ళు వదిలితే టర్బైన్ తిరుగుతుంది. మన్యం వైపు మాచ్‌ఖండ్, సీలేరు కేంద్రాలు మెగావాట్లలో చిన్నవే కావచ్చు, కానీ చీకట్లోంచి మొదలుపెట్టాల్సి వస్తే ఇలాంటివే దిక్కు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ మొత్తం చీకటైనప్పుడు తిరిగి లేచింది జలవిద్యుత్ కేంద్రాలతో, ఫ్రాన్స్, మొరాకో నుంచి వచ్చిన లైన్లతో. ఎంత ఆధునికమైన గ్రిడ్ అయినా కిందపడితే లేవడానికి పాత దారే పట్టింది.

ఈ కథలో గాజువాకకు ఎవరూ పెద్దగా చెప్పుకోని పాత్ర ఒకటుంది. అక్కడి హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డీసీ) స్టేషన్‌లో 500 మెగావాట్ల బ్లాకులు రెండున్నాయి. తూర్పు గ్రిడ్ నుంచి వచ్చిన ఏసీని డీసీగా మార్చి, అదే ఆవరణలో మళ్ళీ ఏసీ చేసి దక్షిణాదికి ఇస్తుంది. తలుపు లాంటిది, ఎంత తెరవాలో మనమే నిర్ణయించుకోవచ్చు, అవతల గ్రిడ్ ఊగితే ఆ ఊపు ఇవతలికి రాదు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన, రెండో రోజు తూర్పు, ఈశాన్యాలతో కలిపి 60 కోట్ల మంది ఉండే ప్రాంతాలు చీకటైతే దక్షిణాది గ్రిడ్ నిలబడింది, ఎందుకంటే అప్పటికి మనం మిగతా దేశంతో ఇలాంటి తలుపుల ద్వారానే కలిసి ఉన్నాం. 2013 డిసెంబరు 31న రాయచూర్, షోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. దానివల్ల వేసవిలో ఉత్తరాది నుంచి చవక కరెంటు తెచ్చుకోగలుగుతున్నాం, అంతకుముందు లైను ఖాళీ లేక దక్షిణాది రాష్ట్రాలు ఎక్కువ రేటుకు కొనేవి. కలిస్తే చవక, విడిగా ఉంటే క్షేమం. రెండూ ఒకేసారి పూర్తిగా దొరకవు కాబట్టి, ఎక్కడ తలుపు పెట్టాలన్నదే ఇంజనీర్ల పని.

విశాఖకు దగ్గర్లోని పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. కిలోకు 52 యూనిట్లు వేసుకుంటే రోజుకు 7.8 కోట్ల యూనిట్లు, అంటే ఆగకుండా 3,250 మెగావాట్లు. అందుకే దానికి 20 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్ జత చేశారు. ఆ హైడ్రోజన్ మన ఎరువుల ఫ్యాక్టరీలకు, ఉక్కుకు వెళ్తే దిగుమతి గ్యాస్, కోకింగ్ బొగ్గు కొంత తగ్గుతాయి, అది నేరుగా మన భద్రత. అమ్మోనియాగా మార్చి ఓడలెక్కిస్తే డాలర్లు వస్తాయి, భద్రత మాత్రం కొనుక్కున్న దేశానిది. ఒక మంచి గుణం కూడా ఉంది, నీళ్ళను కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజర్ ఐస్ ఫ్యాక్టరీ లాంటిది, సాయంత్రం ఏడింటికి తగ్గించుకోమంటే తగ్గగలదు, కాకపోతే ఖరీదైన యంత్రాన్ని ఖాళీగా కూర్చోబెట్టిన నష్టం ఎవరిదన్నది ముందే తేల్చుకోవాలి.

డేటా సెంటర్ విషయంలోనూ అడగాల్సింది ఇదే. పూర్తిగా తగ్గలేనిది కాదది. ఏఐ మోడల్‌కు శిక్షణ ఇచ్చే పని గంటసేపు ఆగినా, వేరే దేశంలోని సెంటర్‌కు మళ్ళించినా కొంప మునిగిపోదు, మన ఫోన్‌కు అప్పటికప్పుడు జవాబిచ్చే పని మాత్రం ఆగకూడదు. వాళ్ళ దగ్గర ఎలాగూ బ్యాటరీలుంటాయి, జెనరేటర్లుంటాయి. మే నెల సాయంత్రం గ్రిడ్ కష్టంలో ఉన్నప్పుడు ఎన్ని నిమిషాల ముందు చెబితే ఎన్ని మెగావాట్లు తగ్గిస్తారు, తగ్గించకపోతే ఎంత కడతారు అన్న రెండు లైన్లు ఒప్పందంలో ఉండాలి. ఫిషింగ్ హార్బర్ ఐస్ ఫ్యాక్టరీ ఓనరుకు హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉంటే పీక్ గంటలో కంప్రెసర్ నడిపినందుకు బిల్లులో విడిగా వడ్డిస్తున్నారు. గిగావాట్ తీసుకునేవాళ్ళ కాగితంలో ఆ లైను ఎలా రాస్తారో చూడాలి.